ముష్టియోధుని విస్తరి

విరాటుని కొలువులో భీమసేనుడు చేసిన యుద్యోగము తెలుగువారికి విదితమే. వలలుడను పేర పాకశాలను నడిపినవాడును, ఉత్సవమునాడు జీమూతుడను మల్లుని నేల కూల్చినవాడును ఒక్కడే. అయినను బకాసురుని కన్నుల యెదుటనే బండెడన్నము నారగించిన భీముడు మన మనస్సులలో నిలిచినంత గట్టిగా, ఏ పదార్థమును ఏ పాళ్లలో ఎవరికి వండవలెనో యెరిగిన భీముడు నిలువలేదు. బలమనగా మిక్కిలి తినుటయే యను భ్రమకు ఈ పక్షపాతము కొంత కారణమేమో. 1963లో వెలువడిన ‘నర్తనశాల’ చలనచిత్రమున ఆ భీముని పాత్ర ధరించినవారు కృష్ణాజిల్లావారైన దండమూడి రాజగోపాలరావుగారు. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో బరువులెత్తుటయందు కాంస్యపతకము గెలిచిన మహాబలుడు. విజయవాడలోని ఇండోరు స్టేడియమునకు ఆయన పేరే పెట్టిరి. కండబలమును గౌరవించు సంప్రదాయము ఈ నగరమునకు క్రొత్తది కాదని చెప్పుటకే ఈ ప్రస్తావన.

గవర్నరుపేటలో, ఏలూరురోడ్డుకు బందరురోడ్డుకు నడుమ ఏ మేడమీది వాటాలోనో 14 ఏండ్ల పిల్లవాడొకడు బాక్సింగు నేర్చుకొందునని పట్టుపట్టినాడనుకొందము. ఇంటర్మీడియట్ ర్యాంకులకు పేరుపడిన ఊరిలో అట్టి యనుమతి దొరకుటయే యొక ఘట్టము. దొరకిన మరునాటినుండి ఆహారమును గూర్చిన యుపదేశములు బయలుదేరును. అమ్మమ్మ పప్పులో మరియొక గరిటెడు నెయ్యి పోయును. మేనమామ దినమునకు డజను గ్రుడ్లు మ్రింగుమనును. జిమ్ములోని పెద్దపిల్లవాడొకడు పొడి డబ్బా పేరు చెవిలో వేయును. కొన్ని నెలలకు పోటీ సమీపించినపుడు వేరొకరు వచ్చి రెండు కిలోలు తగ్గుమందురు. అంతవరకు కొసరి కొసరి వడ్డించినవారే అప్పుడు కంచము లాగివేయుదురు. వీనిలో మిక్కిలి హానికరమైనది చివరిది. ఆ మాటకు తరువాత వచ్చెదను.

ముందుగా తెలియవలసినది వయోధర్మము. పెద్దవాడైన యోధునికి ఆహారము ప్రాణధారణకును శ్రమకును మాత్రమే కావలెను. కౌమారములో నున్నవానికి ఆ రెండింటికి తోడు పెరుగుదలకును కావలెను. మనుష్యుడు తన తుది యెత్తులో ఇంచుమించు అయిదవ వంతును, తుది బరువులో ఇంచుమించు సగమును ఈ కొలది యేండ్లలోనే సంపాదించుకొనును. బాలికలకు 12వ యేటను, బాలురకు 14వ యేటను, కొంచెము అటునిటుగా, ఎదుగుదల పరాకాష్ఠ నందును. ఆ యేడు బాలుడొకడు 9 సెంటీమీటర్లు పెరిగినను వింత కాదు. ఎముకల చివరనుండు మృదులాస్థి ఫలకములు ఇంకను మూసుకొనక, నిత్యము క్రొత్త యెముకను నిర్మించుచుండు కాలమది.

కృష్ణా కాలువల క్రింద సేద్యము చేసినవారికి ఈ వ్యవహారము సులభముగా బోధపడును. నీరు చాలని యేడు ఎగువ పొలములు తడియును, శివారు ఆయకట్టు ఎండును. దేహములో గుండె, మెదడు, శ్వాసకోశములు ఎగువ పొలములు. కండరముల శ్రమ వాని తరువాతిది. ఎత్తు పెరుగుటయు, ఎముకలు గట్టిపడుటయు, ఆడపిల్లలకు ఋతుక్రమము నిలకడ చెందుటయు శివారు భూములు. ఆహారము చాలనపుడు పిల్లవాడు వెంటనే కూలబడడు. ఉదయమున ఎప్పటివలె సంచిని గుద్దుచునే యుండును, శిక్షకుడు మెచ్చుకొనుచునే యుండును. ఎండుచున్నది మాత్రము ఎవరి కంటను పడని చోట. క్రీడాకారులలో తిండి చాలకపోవుట వలన ఎముకలు, గ్రంథులు, రక్తము, మనస్సు అన్నియు క్రమముగా దెబ్బతినుటను ఒకే రుగ్మతగా గుర్తించి, 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘము దానికొక పేరు పెట్టి హెచ్చరించెను. ఆ హెచ్చరిక ఆడపిల్లలకు మాత్రమే కాక మగపిల్లలకును వర్తించును.

ఎంత తినవలెనను ప్రశ్నకు హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన లెక్కలు ఆధారము. 13 మొదలు 15 ఏండ్ల బాలునకు దినమునకు 2860 కిలోకేలరీలు, బాలికకు 2400. 16 మొదలు 18 ఏండ్ల బాలునకు 3320, బాలికకు 2500. ఇది సామాన్యముగా ఆడుకొను పిల్లల లెక్క. 50 కిలోల బరువుగల బాలుడు గంటసేపు తోటివానితో తలపడుచు సాధన చేసినచో సుమారు 400 కిలోకేలరీలు వెచ్చించును. ఆ వెచ్చమును భోజనములో కలుపవలెనే గాని పెరుగుదల ఖాతానుండి తీసివేయరాదు.

ఇక అన్నము సంగతి. దీనికి కొంచెము చరిత్ర చెప్పవలసియున్నది. పైని పేర్కొన్న సంస్థ 1918లో నీలగిరులలోని కూనూరులో రాబర్టు మెకారిసన్ అను వైద్యుని చేతిలో పుట్టినది. అప్పటి దాని పేరు బెరిబెరి పరిశోధన శాఖ. కాళ్లు తిమ్మిరెక్కి, పట్టు తప్పి, గుండె వాచి మనుష్యుని కూల్చు ఆ వ్యాధికి భారతదేశమున ప్రధాన నిలయములలో నొకటి ఉత్తర సర్కారులు, అనగా మన కృష్ణా గోదావరీ తీరములును వాని పొరుగు జిల్లాలును. కారణము వరి కాదు, వరిని మనము చేసిన మర్యాద. రోకటి పోటుకు తవుడు కొంతయే పోవును. మరలో పడి తెల్లగా మెరుగెక్కిన బియ్యమునకు తవుడును, మొలకయు రెండును పోవును. వానితోపాటు థయామినను బి విటమినును పోవును. మిగిలిన కొంచెము కడుగునీటిలో కరగి, మరికొంచెము వార్చిన గంజిలో పారును. వడ్లను ముందుగా ఉడికించి ఎండబెట్టి దంచెడి ఉప్పుడు బియ్యపు సీమలలో ఆ వ్యాధి కానరాకపోవుట పరిశోధకుల దృష్టి నాకర్షించెను. ఉడుకునపుడు ఆ విటమిను పైపొరనుండి గింజ లోనికి ఇంకునని తరువాత తెలిసినది.

బెరిబెరి నేడు మన యిండ్లలో లేదు, పాత పీడకల యేమో యని పాఠకులు తలపవచ్చును. కాని ఆ కథలోని రసాయనము ముష్టియోధునకు నేటికిని పనికివచ్చును. పిండిపదార్థము గ్లూకోజుగా మారి, కండరకణములో దహింపబడు మార్గమున పైరూవిక్ ఆమ్లమను మజిలీ యొకటి కలదు. ఆ మజిలీ దాటుటకు థయామిను అవసరము. అది చాలనిచో దహనము మధ్యలో నిలిచి, లాక్టిక్ ఆమ్లము పేరుకొని, శ్రమకు ముందే అలసట కలుగును. అన్నము ఎంత హెచ్చుగా తినిన ఈ విటమిను అంత హెచ్చుగా కావలెను. అనగా కుప్పగా తెల్లయన్నము, దానిమీద చారెడు చారు, ప్రక్కన ఆవకాయ ముక్క యను భోజనము కడుపు నింపును గాని రింగులో కాళ్లకు చాలదు. పప్పుదినుసులు, వేరుసెనగలు, తవుడు పూర్తిగా పోని బియ్యము ఈ లోటును పూరించును. ప్రతి దినము దంపుడు బియ్యము తినుమని పిల్లవానిని హింసింప నక్కరలేదు. పప్పు పలుచనగాక గట్టిగా వండిన చాలును.

మెకారిసన్ 1920ల నాటి తన ప్రయోగశాలలో చేసిన మరియొక పని యున్నది. హిందూదేశమున వేర్వేరు ప్రాంతముల ప్రజలు తిను భోజనములను యథాతథముగా వండించి, ఒక్కొక్క ఎలుకల గుంపునకు ఒక్కొక్క ప్రాంతపు భోజనము పెట్టించెను. సిక్కుల భోజనము తినిన ఎలుకలు సగటున 235 గ్రాములు తూగినవి. మద్రాసు భోజనము తినినవి 155 దాటలేదు. నాటి మద్రాసు రాజధానిలో విజయవాడయు నుండెను గదా! ఈ యంకెలను చూపి, రొట్టె తినువారు వీరులు, అన్నము తినువారు దుర్బలులు అని తీర్పు చెప్పినవారు లేకపోలేదు. ఆ తీర్పు నా మనస్సునకు ఎన్నడును ఎక్కలేదు. ఆ రెండు విస్తళ్లలో ధాన్యమొక్కటియే కాదు భేదము: ఒకదానిలో పొట్టు తీయని గోధుమ, పాలు, వెన్న, పప్పు, పచ్చికూరలు సమృద్ధిగా నుండెను, రెండవదానిలో మెరుగుపెట్టిన బియ్యమే మొదలు, బియ్యమే తుద, పాలు కూరలు నామమాత్రము. ఎలుకలు చెప్పిన సాక్ష్యము అన్నమునకు విరుద్ధము కాదు; అన్నము ప్రక్కన ఏమియు లేకపోవుటకు విరుద్ధము.

అన్నము మానుమని చెప్పువారు ఈ మధ్య పట్టణములలో మెండైరి. బాక్సింగు నేర్చు పిల్లవానికి ఆ మాట విషము. 15, 16 ఏండ్ల జూనియర్లకు పోటీ మూడు రౌండ్లు, రౌండునకు రెండు నిమిషములు, నడుమ నొక నిమిషము విశ్రాంతి. ఆ రెండు నిమిషములలో వంద రకముల ఉరుకులు, వంగుటలు, దెబ్బలు. మొదటి కొలది క్షణముల విసురునకు కండరములో నిలువయున్న ఫాస్ఫేటు చాలును. తరువాతి పనికంతకును కండరములలో గ్లైకోజనుగా దాచుకొన్న పిండిపదార్థమే మూలధనము. కొవ్వు దహించుటకు ఆమ్లజని తీరికగా అందవలెను; ప్రత్యర్థి ఆ తీరిక యీయడు. కనుక సాధనకు రెండు మూడు గంటల ముందు అన్నమో, ఇడ్లీయో, చపాతీయో తినియే యుండవలెను. ఉదయము 5 గంటలకు మైదానమునకు పోవు పిల్లవాడు పూర్తి భోజనము చేయలేడు. ఒక చక్కెరకేళి పండు, ఒక గ్లాసు నీరు చాలును, ఖాళీ కడుపు మాత్రము వలదు. ఇడ్లీ ఈ విషయమున మన పూర్వుల వరమని నా యభిప్రాయము: మినుము, బియ్యము కలిసినవి, పులిసినవి, ఆవిరిపై నుడికినవి, నూనె లేనివి, కడుపున బరువు చేయవు. గాంధీనగరు బాబాయి హోటలులో దానిమీద వేయు వెన్నను గూర్చి నాకు ఫిర్యాదు లేదు గాని, అది సాధన తరువాత.

మినుము, బియ్యము కలియుటలోని ప్రయోజనము రుచి మాత్రమే కాదు. మాంసకృత్తులు అమైనో ఆమ్లములతో అల్లినవి. బియ్యమున లైసిను అనునది కొరత, పప్పులలో సమృద్ధి. పప్పులలో మెథియోనిను కొరత, బియ్యమున చాలినంత. ఒకదాని లోపమును ఒకటి పూడ్చును. పప్పన్నము, పొంగలి, పెసరట్టుప్మా, ఇడ్లీ — ఇవన్నియు ఈ సంధి ఫలితములే. 13 మొదలు 15 ఏండ్ల బాలునకు దినమునకు 45 గ్రాముల మాంసకృత్తులని పోషకాహార సంస్థ లెక్క. కఠిన శిక్షణలో నున్నవానికి కిలో బరువునకు 1.2 మొదలు 1.6 గ్రాములని క్రీడాపోషణ శాస్త్రజ్ఞులు చెప్పుదురు, అనగా 50 కిలోల వానికి 60 మొదలు 80. ఇది కొండంత పని యని భయపడువారు ఒకసారి వంటయింట లెక్క వేయవలెను. దినమునకు 350 గ్రాముల బియ్యములో సుమారు 27 గ్రాములు. 80 గ్రాముల కందిపప్పు, మినపపప్పులలో 17. అర లీటరు పాలు పెరుగులలో 16. రెండు గ్రుడ్లలో 12. మొత్తము 72. మేనమామ డజను గ్రుడ్లు పదియు అలమారలోనే యుండవచ్చును. గ్రుడ్లు తినని యింట 50 గ్రాముల వేరుసెనగలు ఆ పని చేయును. చేపలకు మన డెల్టా పెట్టినది పేరు. బొచ్చె, కొర్రమీను ఏదైనను నూరు గ్రాములలో సుమారు 18 గ్రాముల మాంసకృత్తులిచ్చును. మాంసము లేనిదే బలము లేదనువారికి మల్లవీరుడు కోడి రామమూర్తినాయుడుగారు శాకాహారియే యని గుర్తుచేసిన చాలును.

ఉలవచారును గూర్చి ఒక మాట. ఎడ్లకు ఉలవలు పెట్టి, ఉడికించిన నీటిని మనము చారుగా కాచుకొని, పెండ్లివిందులలో మీగడతో నంజుకొని మురిసిపోవుదుము. నూరు గ్రాముల ఉలవలలో 20 గ్రాములకు మించిన మాంసకృత్తులలో హెచ్చుభాగము గుగ్గిళ్లలోనే నిలిచిపోవును, ఎద్దే బుద్ధిగలది! పిల్లవానికి చారుతోపాటు ఆ గుగ్గిళ్లును పెట్టవలెను.

ఎముకలకు కాల్షియము దినమునకు 1000 మిల్లీగ్రాములు కావలెను. అర లీటరు పాలు పెరుగులవలన 600 వచ్చును. 50 గ్రాముల రాగిపిండి సంకటిగానో జావగానో తీసికొనినచో మరి 180 చేరును. మిగిలినది ఆకుకూరలు, నువ్వులు, చిన్నచేపలు పూడ్చును. చిట్టినగరు పాలప్రాజెక్టునుండి ఇంటింటికి పాలు వచ్చు ఊరిలో పిల్లలు శీతలపానీయముల సీసాలతో తిరుగుట చూచిన విచారము కలుగును.

ఆడపిల్ల బాక్సింగున చేరినచో మొదట చూడవలసినది ఇనుము. విశాఖపట్టణపు నగిశెట్టి ఉష 2020లో ధ్యాన్‌చంద్ పురస్కార మందుకొన్నది. నిజామాబాదు నిఖత్ జరీన్ పేరు తెలియనివారు లేరు. వీరిని చూచి చేతులకు పట్టీలు చుట్టుకొను బాలికల సంఖ్య పెరుగుట సంతోషమే. కాని 2019 మొదలు 2021 వరకు జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 మొదలు 19 ఏండ్ల భారతీయ బాలికలలో నూటికి 59 మందికి రక్తహీనత కనబడినది. బాలురలోను నూటికి 31 మందికి. రక్తమున హెమోగ్లోబిను తక్కువైన పిల్లకు ఆమ్లజని మోయువారు తక్కువ. ఆమె రెండవ రౌండున ఆయాసపడినచో శిక్షకుడు సోమరితనమని గద్దించును. 13 మొదలు 15 ఏండ్ల బాలికకు దినమునకు 30 మిల్లీగ్రాముల ఇనుము అవసరము. నూరు గ్రాముల తెల్లబియ్యములో ఒక మిల్లీగ్రామైనను లేదు. తోటకూర, పప్పులు, ఉలవలు, చేప, మాంసము తినుట ఒక యెత్తు. తినినది రక్తమున కెక్కించుట మరియొక యెత్తు. నిమ్మరసము, ఉసిరి, జామ మొదలగువానిలోని సి విటమిను ఇనుమును లోనికి గొనిపోవును. టీ, కాఫీలలోని టానిను దానిని పట్టి యాపును. భోజనమునకు గంట ముందును గంట తరువాతను టీ కాఫీలు వలదని పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన మార్గదర్శకములలో చెప్పినది. మన యిండ్లలో టిఫినుతోనే కాఫీ గదా. ఈ యొక్క అలవాటు మార్చుట నెయ్యి పోయుటకంటె మేలు.

వేసవిలో విజయవాడ యెట్లుండునో చెప్ప నక్కరలేదు. 44 డిగ్రీల యెండకు కృష్ణ మీది ఉక్క తోడైనపుడు చెమట ఆరదు. ఆరని చెమట దేహమును చల్లబరుపదు, నీటిని మాత్రము హరించును. శరీరపు బరువులో నూటికి రెండు వంతులు నీరు పోయినంతనే సామర్థ్యము తగ్గును. సాధనకు ముందు వెనుకల తూచుకొనుట మంచి పద్ధతి. కిలో తగ్గినచో తరువాతి కొలది గంటలలో ఒకటింబావు మొదలు ఒకటిన్నర లీటరు వరకు త్రాగవలెను. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ, నిమ్మకాయ నీరు, ఇంటిలో నెప్పుడును ఉండునవే. సాధన ముగిసిన గంట రెండు గంటలలోపల పాలు, అరటిపండు, లేక పెరుగన్నము, దానివెంట భోజనము. ఖర్చయిన గ్లైకోజను తిరిగి నిండుటకు అది మంచి సమయము. సాయంకాలపు బండివాని పునుగులు, మిరపకాయ బజ్జీలు తినరాదని నేననను. అవి భోజనమునకు బదులు కారాదు, సాధనకు ముందు కడుపున నుండరాదు.

పొడి డబ్బాల మాట క్లుప్తముగా ముగింతును. కండలకై మాంసకృత్తుల పొడులు వాడవలదనియే పైని పేర్కొన్న 2024 మార్గదర్శకముల సలహా. కెఫీను నింపిన ‘ఎనర్జీ’ పానీయముల డబ్బాలమీదనే పిల్లలకు తగవని ముద్రించియుండును, చదివిన చాలును.

ఇప్పుడు బరువు తరగతుల సంగతి. బాక్సింగులో సమాన బరువువారే తలపడుదురు గనుక, క్రింది తరగతికి దిగినచో తనకంటె చిన్నవాడు దొరకునను ఆశ సహజము. రెండు కిలోలు రెండు దినములలో తగ్గవచ్చును. కాని తగ్గినది కొవ్వు కాదు. కిలో కొవ్వులో సుమారు 7700 కిలోకేలరీలుండును. రెండు కిలోలనగా 14 ఏండ్ల బాలుని అయిదు దినముల సంపూర్ణాహారమునకు మించిన శక్తి, రెండు దినములలో అది కరగుట అసంభవము. కరగునవి గ్లైకోజను, దానిని పట్టియుండు మూడింతల నీరు, రక్తములోని నీరు. రక్తము చిక్కబడి తగ్గును, గుండె వేగముగా కొట్టుకొనును, దేహతాపము బయటికి పోదు. ఏ మూలధనముతో పోరాడవలెనో దానినే వదలుకొని పిల్లవాడు రింగున అడుగిడును. 1997 చివర అమెరికాలో ముగ్గురు కళాశాల మల్లులు ఇట్లు బరువు తగ్గుటకై చెమటోడ్చుచు కొద్ది వారములలోనే మరణించిరి. ఆ తరువాతనే అక్కడి నియమములు మారినవి.

పెద్దవారికే ఇది యెంత కఠినమో నిఖత్ జరీన్ యుదాహరణము చాలును. 2022లో ఇస్తాంబూలులో 52 కిలోల తరగతిలో ఆమె ప్రపంచవిజేత యయ్యెను. పారిసు ఒలింపిక్సులో ఆ తరగతి లేనందున 50 కిలోలకు దిగి, 2023లో ఢిల్లీలో ఆ తరగతియందును ప్రపంచకిరీటము గెలిచెను. 2024 ఆగస్టు 1న పారిసులో చైనా యోధురాలు వూ యూ చేతిలో ఓడిన పిదప, బరువు నిలుపుకొనుటకై రెండు దినములు తిండి, నీరు మానితినని ఆమెయే చెప్పెను. ఓటమికి అదియొక్కటే కారణమనుట వూ యూ ప్రతిభకు అన్యాయము. అయినను, వైద్యులు, ఆహారనిపుణులు వెంటనున్న ప్రపంచవిజేతకే ఆ యవస్థ తప్పనపుడు, వంటయింటి త్రాసు మీద ఆధారపడిన గవర్నరుపేట పిల్లవాని మాట చెప్పనేల? పైగా నిఖత్ అప్పటికి ఎదుగుట ముగిసిన 28 ఏండ్ల యువతి. పెరుగుచున్నవానిని నిరుటి తరగతిలోనే నిలిపియుంచవలెననుట, 9 సెంటీమీటర్లు పెరిగిన బాలునికి నిరుటి చొక్కాయే తొడుగుమని పోరుట కాదు, చొక్కాకు సరిపడ బాలునే కోయుట.

కనుక పిల్లవానిని శిక్షణలో చేర్పింపబోవు తల్లిదండ్రులకు నా విన్నపమొకటి. రుసుము, వేళలు, చేతిపట్టీలు అడుగుటకు ముందు శిక్షకుని ఈ ప్రశ్న అడుగుడు: పోటీకి ముందు పిల్లలచేత బరువు తగ్గింపింతురా? తగ్గింపింతుమన్నచో, ఆయన ఎన్ని పతకములు గెలిపించినవాడైనను, బిడ్డను వెంటబెట్టుకొని ఇంటికి వచ్చివేయుడు. పెరిగిన బరువునకు తగిన పై తరగతిలో దించెదననువాడు దొరకువరకు వెదకుడు.